జడ్జీగారి బంట్రోతు తవిటయ్య

"ఆ మైకు నా సేతికిచ్చుంటే తెల్సేది వాళ్లకి, జ్ఞానశేఖర్ గారంటే ఎవరో! ఒక్కొక్కడూ కాయితం తీసి సదువుతాడేటి? ఏ సంవత్సరం ఏ డిగ్రీ, ఏ సంవత్సరం ఏ కుర్చీ. పన్నెండేళ్లు ఆయన పక్కన నిలబడ్డోణ్ణి నానుండగా మళ్లీ కాయితమెందుకు? ఒరే అబ్బులూ, టీ ఎయ్యి."

అది ఎనభై నాలుగో సంవత్సరం. వన్ టౌన్‌లో హాలు ఎదురుగా ఉన్న అబ్బులు టీకొట్టు. హాల్లో సంతాప సభ అప్పుడే ముగిసింది. ఈ ఊళ్లో జిల్లా జడ్జీగా చేసి, హైకోర్టుకి వెళ్లి, రిటైరయ్యాక ఇక్కడి యూనివర్సిటీకే వైస్ ఛాన్సలర్‌గా తిరిగొచ్చిన జ్ఞానశేఖర్ గారు పోయి పదకొండు రోజులైంది. తవిటయ్య ఆయనకి కోర్టులో బంట్రోతు. యూనివర్సిటీకీ ఆయనే పిలిపించుకున్నారు. సభకని తవిటయ్య పాత తెల్లకోటు తొడుక్కుని, ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ల పెట్టుకుని వస్తే ఆఖరి వరసలో కూర్చోబెట్టారు.

"మైకు లేకపోతే ఏటి బావా, మేం నేమా? సెప్పు," అన్నాడు పోర్టులో కలాసీ కొండలరావు, బెంచీ మీద కొంచెం జరుగుతూ. ఆ చివర తెల్ల చొక్కా ఆయనెవరో టీగ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మొదట్లో నా పని సిన్నదే, ఎందుకబద్దం. అయ్యగారు చాంబర్లోంచి వస్తంటే ముందు నడిచి 'సైలెన్స్' అనాల, సాయంత్రం పనైపోనాక 'కోర్టు లేచింది' అనాల. అంతే. కానీ నా గొంతు యిన్నారు కదా, ఆ 'సైలెన్స్' ఒక్కదానికి ప్లీడర్ల నోళ్లు పడిపోయేవి. ఫ్యాన్లు కూడా తిరగడం మానీసేవి. అది సూసి అయ్యగారు ఏటన్నారో తెల్సా? 'తవిటయ్యా, సగం కోర్టు నీదేనోయ్' అన్నారు. అప్పట్నించి తీర్పు రాసీ ముందు నాకేసి ఓ సూపు సూసీవోరు. నాను ఒకసారి దగ్గితే ఇడుదల, రెండుసార్లు దగ్గితే శిచ్చ."

"మరి జలుబు సేసినప్పుడో?" అన్నాడు కొండలరావు.

"ఆవేళ సెలవు పెట్టీవోణ్ణి, మనిషి బతుకు కదా మరి! సరే, అది పోనీ. యూనివర్సిటీలో సమ్మె జరిగింది సూడు, ఆ కథ యినాల. పిల్లలు పదివేలమంది, ప్రతీ సేతిలో రాయి. అయ్యగారు కారు దిగిపోతన్నారు. 'ఒద్దు బాబూ, ముందు నానెల్తాను' అన్నాను. ఎల్లినాను. రొమ్ములిరిసి నిలబడ్డాను. ఆ తరవాత ఏటయిందో తెల్సా? కోర్టు గొంతు ఒక్కసారి ఎత్తినాను, 'సైలెన్స్!' అని. పిల్లలు ఆగిపోనారు. బీచ్ రోడ్డు మీద బస్సులాగిపోనాయి. హార్బర్లో ఓడలు కూత మధ్యలో మింగీసినాయి. సముద్రం, ఒరే కొండలరావూ, సముద్రం కెరటం లేపి దించడం మర్సిపోనాది, అరగంట! యారాడలో పడవలోళ్లు నా మీద గొడవకొచ్చినారు, వలలో సేపలు కూడా కదలకుండా నిలబడిపోనాయి, లాగితే రావట్లేదు, నువ్వే ఇడిపించాలని."

"ఇడిపించినావా?" అన్నాడు అబ్బులు, పాలు తిరగబోస్తూ.

"అయ్యగారు పర్మిషనిచ్చినాక! ఆయన మాట లేకుండా నాను సేపనైనా ఇడుదల సెయ్యను. ఆ పిల్లలే మళ్లీ ఆయనకి సన్మానం సేసినారు, ఎనభై ఒకటిలో. జిల్లాలో పువ్వన్నది మిగల్లేదు, ఆ వారం పెళ్లిళ్లకి కాగితప్పూలే. దండలు మెడలోంచి తీసి లారీకెత్తితే లారీ కదల్లేదు, రైలింజను తెచ్చినారు. ఆకర్న అయ్యగారు తన భుజమ్మీది శాలువా తీసి నాకు కప్పినారు. పెద్ద పెద్దోళ్లు లేసి నిలబడ్డారు, నాకు!"

కొండలరావు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. తవిటయ్య నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"ఆకరి గడియలో కూడా నానే. ఆయన తల నా ఒళ్లో ఉన్నాది. 'తవిటయ్యా, నువ్వు లేకపోతే నేను లేనోయ్' అన్నారు. అని కళ్లు మూసినారు. నాను బయటికొచ్చి ఒక్క ఏడుపు ఏడిసినాను. ఆ ఏడుపుకి డాల్ఫిన్ నోస్ కొండ ఇంతెత్తున కిందికి ఒంగింది. నమ్మరేటి? రేపు తెల్లారి ఎల్లి సూడండి, కొండ ముక్కు..."

"మీరేనా తవిటయ్య గారు?" అన్నాడు బెంచీ చివర ఉన్న తెల్ల చొక్కా ఆయన.

"నానే. బిళ్ల కనపడ్డంనేదా?"

"నా పేరు శుభాకర్. జ్ఞానశేఖర్ గారి అల్లుణ్ణి. జయశీల భర్తని." ఆయన గొంతు పెంచలేదు. "ఆఖర్న పక్కన ఉన్నది నేనూ జయశీలా. ఇంకెవరూ లేరండీ."

అబ్బులు చేతిలో గిన్నె అలాగే ఆగింది. కొండలరావు తల దించుకున్నాడు.

"మామగారికి మతి తప్పింది," అన్నాడు శుభాకర్. "వరండాలో కుర్చీలో కూర్చుని, అదే కోర్టనుకునేవారు. మూడు రోజులు పడుకోలేదు. పడుకోమంటే, 'కోర్టు లేచిందని తవిటయ్య చెప్పాలి, అప్పుడు లేస్తాను' అనేవారు. మీకు రెండుసార్లు కబురు పంపాం. చివరికి జయశీలే తలుపు దగ్గర నిలబడి, 'కోర్టు లేచింది నాన్నా' అంది. 'ఇది తవిటయ్య గొంతు కాదమ్మా' అన్నారు. కుర్చీలోనే పోయారు."

తవిటయ్య శుభాకర్ కేసి తిరిగాడు. "ఒచ్చినాను బాబూ. గేటు దాకా ఒచ్చినాను. నా పేరెట్టి పిలుస్తన్నారు, యినపడింది. సన్నగా, సంటిపిల్లడి గొంతులాగ. నా కాలు లోపలికి పడనేదు. ఊరంతా ఆయన్ని కొండంత సేసి సెప్పుకున్నోణ్ణి. ఆ కుర్చీలో ఆయన్ని అలాగ సూడలేక ఎనక్కి తిరిగిపోనాను. ఒక్క మాట కదా. ఒక్క మాట అనుంటే ఆయన పడుకునీవోరు."

శుభాకర్ జరిగి అతని పక్కన కూర్చున్నాడు.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండీ. సభలో చెప్పినవన్నీ జయశీలకి తెలిసినవే. తనకి తెలియని నాన్న ఎవరి దగ్గరైనా ఉంటే మీ దగ్గరే ఉంటారంది. ఇంటికి రండి, చెబుదురుగాని."

"నా దగ్గరున్నయ్యన్నీ కోతలే బాబూ."

"తెలుసు. మామగారికీ తెలుసు. మీ కోతలు మాకు చెప్పి నవ్వేవారు."

తవిటయ్య ఛాతీ మీది బిళ్లని చేత్తో మూశాడు. ఈసారి అతని మాట మెల్లగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"డెబ్బై రెండులో అనుకుంటాను. ఓ మనిషికి యావజ్జీవం ఏసినారు. ఆడి పెళ్లాం కాసులమ్మ, ఇద్దరు పిల్లల్ని ఏసుకుని కోర్టు వరండాలో కూలబడిపోనాది. పొద్దున్నించీ తిండి నేదు. అయ్యగారు చాంబర్లో క్యారేజీ ఇప్పినారు. ముద్ద కలపనేదు. మళ్లీ మూతలెట్టి నా సేతికిచ్చినారు. 'బయట ఉన్నారు, వాళ్లకి పెట్టు తవిటయ్యా. నేను పంపానని చెప్పకు, తినదు. ఎలా తింటుంది? మీ ఇంట్లో వండిందని చెప్పు' అన్నారు. నాను ఎల్లి సెప్పినాను, మా ఇంటిది తాయారు వండిందమ్మా, తినండి అని. పిల్లలు తిన్నారు. ఆవిడ తిన్నాది. తిని నా కాళ్లకి దణ్ణమెట్టింది. లోపలికొచ్చి ఆ సంగతి సెప్తే అయ్యగారు కిటికీకేసి తిరిగిపోనారు. సానాసేపు ఇటు తిరగనేదు. అలాటి తీర్పు ఇచ్చిన ప్రతీసారీ అదే. ఆ క్యారేజీ బయటికెల్లిపోయేది. ఊళ్లో నాకు ధర్మాత్ముడని పేరొచ్చింది."

ముఖం తుడుచుకున్నాడు.

"మా ఇంట్లో ఆవేళ పొయ్యే ఎలగనేదు బాబూ. నాను ఆడిన మొదటి కోత అదే. ఆడమన్నది ఆయనే."

"ఇది మాకెవరికీ తెలీదు," అని శుభాకర్ లేచాడు. స్కూటర్ స్టార్ట్ చేసి, తవిటయ్య వెనక ఎక్కి కూర్చునేదాకా ఆగాడు.