తవిటయ్య మావ కుక్కా, కాకులూ

ఆ కర్ర అక్కడెట్టీయే గుంటా. కొడితే ఆ కుక్కపిల్ల ఏటి నేర్సుకుంటాది? నిన్ను సూసి పారిపోడం నేర్సుకుంటాది. మా తవిటయ్య మావైతే... నీకు తెల్దులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. అప్పటికి మన ఆర్యపల్లికి ఐసూ నేదు, లారీలూ నేవు. మిగిలిన సేపలన్నీ ఇసక మీద ఎండెయ్యాల్సిందే. ఎండేస్తే కాకులు. కాకులు రాకుండా కాపలాగా మావ ఓ కుక్కనెట్టినాడు, రంగడని. ఒడియావోళ్ళు మాఛ కుకుర అనీవోళ్ళు, సేపల కుక్కని. మావ పెళ్ళాం సీతాలత్తయితే, "పిల్లికి పాలకుండ అప్పసెప్పినట్టుంది మీ మావ యవ్వారం" అనీది. మావైతే ముందు దాని కడుపు నింపి, అప్పుడు తను తినీవోడు. అది ఎండేసిన నెత్తళ్ళ సేపల కాడికెల్లి ముట్టకుండా మొగం తిప్పుకుందా, అరిసేతిలో ఓ ముక్క. కాకిని తోలిందా, ఇంకో ముక్క. తప్పు సేస్తే ఊరుకునీవోడు, అంతే. కర్రతో నేర్పితే కర్రున్నంతసేపే ఇంటాదనీవోడు. ఏటి సెప్తన్నాను? ఆ, కాకులు.

మావ జొరమొచ్చి పోయినాడా, పెద్దదినాన ఇసకలో ఆకేసి, అన్నం ముద్దా, ఆయనకిష్టమని నెత్తళ్ళ ఏపుడూ ఎట్టినారు. కాకి ముడితేనే గదా ఆయన తిన్నట్టు. కాకి రాడం, రంగడు తరమడం. తరిమొచ్చి ఆకు పక్కన కూకుని సీతాలత్త సేతిలోకి సూడ్డం. తాడేసి కట్టినారు. తాడంటే దానికి తెల్దు గదా, ఒకటే ఏడుపు. ఆ ఏడుపుకి దగ్గరకొచ్చిన కాకులు కూడా ఎగిరిపోయినాయి. మావ తమ్ముడు పైడయ్య తెడ్డు తీసినాడు.

అత్త అడ్డమెల్లింది. "మీ అన్న సెప్పిన పనే సేస్తంది. దేనికి కొడతావు?"

తాడిప్పేసింది. ఇప్పేసి, సచ్చిపోయినోడి ఆకులోంచి ఓ నెత్తలు తీసి, దానికి అరిసేతిలో ఎట్టింది. అందరం నోళ్ళు తెరిసీసినాం. కుక్క ముట్టిన ఆకు పనికిరాదని ఒకరు, ఆయన పెంచిన కుక్కే గదా, ఆయన తిన్నట్టేనని ఇంకొకరు. నానే ఉండబట్టలేక, "అత్తా, మావ తిన్నాడంటావా?" అనడిగినాను.

"దానికెట్టందే తినీవోడు కాదు గదా. దానికెట్టాను. మరింక తినాల" అంది.

తిన్నాడో నేదో మరి. ఆ ముద్ద అలాగే ఉంది. పొద్దు గుంకిపోయింది, కాకులన్నీ గూళ్ళకెల్లిపోయినాయి. అత్త ఆ ఆకు కాడే కూకునుండిపోయింది. నాకైతే ఇప్పటికీ అది కళ్ళల్లో... మబ్బేస్తంది, దండెం మీద బట్టలు తియ్యే.