పెట్టె తీసేసి పిల్లల ఎదుట నేల మీద కూర్చున్న మా గ్లోరీ మేడం

1989 నవంబరు 13వ తేదీన రామన్నపేట మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరిన మాన్యశ్రీ గ్లోరీ గారు, ముప్పై అయిదేళ్లకు పైబడిన అవిశ్రాంత సేవానంతరం, 2025 జూన్ 30న మా ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ పొందుతున్నారు. కూలి పనులు చేసుకొని బతికిన పెద్దులు, ఈదమ్మ దంపతుల ఇంట బడి మెట్లెక్కిన తొలి సంతానం వారు. మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ణి నేనే కనుక ఆ మెట్లు ఎంత ఎత్తో నాకూ కొంత తెలుసు.

2015లో ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి పొంది, షాద్‌నగర్ ప్రాంతంలో పనిచేసి, 2018లో మక్తల్ దగ్గరి మా బడికి విచ్చేశారు. విద్యార్థులు తమ ఇబ్బందులను నిర్భయంగా తెలుపుకోవాలన్న సదుద్దేశంతో 2022లో వరండాలో ఒక పెట్టె పెట్టించి, పేరు రాయనక్కర లేదన్నారు. కానీ రోజూ నోటుపుస్తకాలు దిద్దే మాకు పేరుతో పనేముంది? ఆడపిల్లల మూత్రశాల తాళంచెవి మగ సార్లను అడగలేక పొద్దంతా నీళ్లు తాగడం లేదన్న చీటీ చూడగానే, అది తొమ్మిదో తరగతి శ్రీదేవి రాత అని గుర్తుపట్టినవాణ్ణి నేనే. బడి పరువు తీస్తావా అని తరగతిలో నిలబెట్టి గద్దించినవాణ్ణీ నేనే. మర్నాటి నుండి ఆమె బడికి రాలేదు.

వారం తరువాత మేడం నన్ను వెంటబెట్టుకొని పత్తిచేనికి వెళ్లారు. శ్రీదేవి తల్లి నర్సింగమ్మ వంచిన నడుము ఎత్తలేదు.

"చీటీ రాయమన్నది మీరే, రాస్తే తిట్టింది మీరే. ఇగ మా పిల్ల పత్తి ఏరుతాంది. గీడ దాని రాత ఎవలూ చూడరు."

"తప్పు మాదే నర్సింగమ్మా. పెట్టె తీసేస్త. బిడ్డ మనసుల ఏమున్నదో అడగనీకొచ్చిన."

శ్రీదేవి ఒడిలోని పత్తి కుప్ప మీద పోసి ఇటు తిరిగింది. "మీరు కుర్చీల కూసుంటరు, మేం నిలబడాలె. ఇగ ఏం మాట్లాడుతం మేడం?"

"అయితే కుర్చీల నువ్వు కూసో. మేం కింద కూసుంటం."

"కురుమయ్య సార్ గూడనా?" అంటూ నా వైపు చూసింది.

"ముందుగాల ఆయననే కూసోబెడ్త."

శ్రీదేవి బడికి వచ్చింది. ఆ శనివారం నుండి వారం వారం పిల్లల సభ మొదలైంది: పిల్లలు ఎన్నుకున్న ఇద్దరు కుర్చీలలో, ఉపాధ్యాయులమందరం నేల మీద. నేను లేచి శ్రీదేవికి క్షమాపణ చెప్పుకున్నాను. మూత్రశాల తాళం ఆనాడే తీసేశారు. అడిగిన ప్రతిదానికీ మరుసటి శనివారం కారణంతో సహా జవాబు చెప్పాలన్నది మేడం నియమం. సెల్‌ఫోన్లు తెచ్చుకుంటామంటే కాదన్నారు, ఎందుకో చెప్పారు. పిల్లలు గొణుక్కున్నారు గాని, మరుసటి వారం మళ్లీ అడిగారు. శ్రీదేవి ఇప్పుడు మక్తల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

మొన్నటి శనివారం ఏడో తరగతి ఖాతూన్ లేచి మమ్మల్ని నిలదీసింది. "మేడం పోయినంక గూడ మీరు కింద కూసుంటరా సార్?"

మేడం మా వైపు చూశారు. మరుసటి శనివారం దాకా ఆగకుండా "కూసుంటం బిడ్డా" అన్నాం, అందరం.

గ్లోరీ గారికి మోకాళ్ల నొప్పులు నెమ్మదించి, కంటినిండా నిద్ర, ఇంటినిండా సందడి సమకూరాలని, చెప్పకుండా ఏ శనివారమైనా వచ్చి మా మాట నిలిచిందో లేదో చూసుకునే ఆరోగ్యం, ఆయుష్షు వారికి నిండుగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.