గేటు ఫోను నేను ఎత్తలేదు

పెద్ద కుర్చీలో ఉన్న మేనేజరు గారికి, ఆ పక్క పెద్దలకు, అచ్చు గదివాళ్ళకు, బైండింగువాళ్ళకు, ముందు వరసలో కూర్చున్న మా అక్కకు నమస్కారం. ఈ గేటు కాపలావాడి వీడ్కోలు సభలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, విన్నాను. నేను మాత్రం నా గేటు గదిలోంచి ఫోను పీకి పట్టుకెళ్ళిన సంగతే మాట్లాడతాను. ఏళ్ళ తరబడి గొంతులో ముల్లులా ఉంది, ఇవాళ తీసేసుకుంటాను.

కొత్తగా చేరినవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో మన అచ్చాఫీసుకు ఇంటర్నెట్ అంటే ఫోను తీగ మీద వచ్చేదే. కంప్యూటరు తనే నంబరు కొట్టుకుని, పిల్లి పీక నొక్కినట్టు కాసేపు అరిచి, అప్పుడు కలిసేది. ఆ కంప్యూటరైనా అందరి దగ్గరా ఉండే రకం కాదు, లైనక్సట, తెర మీద తెల్లపొట్ట పెంగ్విన్ పిట్ట బొమ్మ ఉండేది. బాగుచేసేవాణ్ణి ఎవణ్ణి పిలిచినా ఆ పిట్టను చూసి ఇది మాకు రాదని వెళ్ళిపోయేవాడు. అదే ఫోను తీగ రెండో కొస నా గేటు గదిలో ఉండేది. అక్కడ ఎత్తితే ఇక్కడ లైను తెగుతుందని మొదటి రోజే చెప్పారు. చెప్పాక నేను ఎత్తుతానా?

అయినా రోజూ మధ్యాహ్నం లైను తెగేది. మోడెం మార్చారు, తీగ మార్చారు, పాస్‌వర్డు మళ్ళీ మళ్ళీ కొట్టారు, నంబరు ముందు సున్నా పెట్టి చూశారు, తీసి చూశారు. ఏదీ కుదరక అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గేటు వైపు తిరిగారు. మేనేజరు గారు అందరి ముందూ నన్ను నిలబెట్టి, “కబుర్లు చెప్పుకోవడానికా నీకు ఫోను?” అన్నారు. గుర్తుందా సార్? తల దించుకున్నారంటే గుర్తున్నట్టే. (నవ్వులు) ఆ సాయంత్రమే ఫోను పీకేశారు. లైను కట్ చేస్తున్నానని నాకు ‘కట్టింగు తాత’ అని పేరు పెట్టారు. మొన్న చేరిన బైండింగు అమ్మాయి, తాతగారు కాగితాలు కోసే మిషను మీద పనిచేసేవారా అని అడిగింది. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను.

ఫోను పోయాక కూడా లైను తెగుతూనే ఉంది. ఇప్పుడెవరు ఎత్తారు సార్ అని అడిగాను.

చివరికి ఆ పిట్ట సంగతి తెలిసిన మెకానిక్కు అమ్మాయి దొరికింది. సెట్టింగులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోయి ఒకచోట ఆగింది. లైను కలిపాక కాసేపు ఏ పనీ జరగకపోతే దానంతటదే పెట్టేసేలా అక్కడ టిక్కు ఉందట. మన లెక్కల గుమాస్తా లైను కలిపి, టీకి వెళ్ళి, లోకాభిరామాయణం ముగించుకుని వచ్చేసరికి అది పెట్టేసేది. అది చూసి, ‘తాత మళ్ళీ ఎత్తాడు’ అనేవాడు. ఏమయ్యా, వెనక వరసలో దాక్కుంటే కనపడవనుకున్నావా? (నవ్వులు) నీ మీద నాకు కోపం లేదు. ఆ మిషను గురించి నీకెంత తెలుసో నాకూ అంతే. కానీ టిక్కు తీసేశాక లైను తెగలేదు, అది అందరం చూశాం. మేనేజరు గారు పోనీలే, తీరిపోయిందన్నారు. మీకు తీరింది సార్.

నాకెందుకు తీరలేదో వినండి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అక్కే. వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. సాయంత్రం మీ పిట్ట పని అయ్యాక గేటుకు ఫోను చేసి, తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగేది. నేను పలకడం మానేసరికి కంగారుపడి మళ్ళీ మళ్ళీ చేస్తే, లోపల ఎత్తింది మీరు సార్. మీ తమ్ముడు ఫోను పాడుచేస్తున్నాడమ్మా, తీసేశాం అని చెప్పింది మీరు. తరవాత నిజం తెలిసి నేను చెబితే నమ్మదే! “అంత పెద్దాయన నాతో అబద్ధమాడతాడట్రా? చిన్నప్పటి నుంచీ నువ్వు తప్పు ఒప్పుకుంటేగా” అంటుంది. చిత్తు కాగితం కూడా గేటు దాటనివ్వని నేను సొంత అక్క దగ్గర అబద్ధాలకోరునయ్యాను. అదిగో, ఇప్పుడూ తల అడ్డంగా ఊపుతోంది చూడండి.

మేనేజరు గారు మైకు అందుకోబోతున్నారు. వద్దు సార్, కూర్చోండి. ఇక్కడ చెబితే, పోయే ముసలాణ్ణి మంచి చేసుకుంటున్నారనుకుంటుంది. ఇలాంటి సభల్లో మాటలు ఎవరు నమ్ముతారు? ఇందాక నన్ను శాంతమూర్తి అన్నారు. (నవ్వులు)

అక్క మా ఇంట్లోనే ఉంది, శనివారం పొద్దున బస్సెక్కుతుంది. శుక్రవారం సాయంత్రం లోపల మీరు రండి. ఎడమ చెవి దగ్గర, కుడిది వినపడదు, “ఫోను వాడు ఎత్తలేదమ్మా, నేనే తొందరపడి అన్నాను” అని గట్టిగా చెప్పండి. ఆ ఒక్క మాట చాలు. గుమాస్తాను పంపితే ఒప్పుకోను. అన్నది మీరు, చెప్పాల్సిందీ మీరే.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ ధన్యవాదాలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. మేనేజరు గారి దగ్గర మాత్రం ఇప్పుడు కాదు. ఆయన దగ్గర సెలవు శుక్రవారం, మా ఇంట్లో.