నెమలి నీలం

ఫెస్ పట్టణం, అద్దకంవాళ్ళ వీధి. లర్బీ మూడు రోజులుగా నెమలీకలు నూరుతూనే ఉన్నాడు. ఆ మూడు రోజులూ నవ్వు ఆపుకుంటూ వచ్చిన భార్య బతూల్ ఇవాళ ఇక ఆపుకోలేకపోయింది.

“ఏమండీ, నీలం దిగిందా?”

“దిగుతుంది.”

“ఎప్పుడు?”

“దిగుతుందన్నాను కదే! ఇంకా మెత్తగా నూరాలి.”

“నూరినకొద్దీ మట్టిరంగు తేలుతోంది. జీలకర్ర పొడి అనుకుని కూరలో వేసేస్తానేమో, కాస్త పక్కన పెట్టండి.”

“నవ్వు, నవ్వు. సాయంత్రం పెద్దలు నన్ను అమీన్‌ని చేశాక, ఈ వీధంతటికీ నేనే పెద్దనయ్యాక నవ్వు, చూస్తాను.”

“నెమలీకల నీలంతో అద్దిన గుడ్డ చూపిస్తేనే కదా చేసేది?”

“ఆ… చూపిస్తానన్నాను.”

“మసీదు ముందు, అందరెదుటా, మీసం మెలేసి మరీ అన్నారు. ఈకల్లో రంగు లేదండీ అని ఆవేళే మొత్తుకున్నాను.”

“రంగు లేకపోతే నెమలి నీలంగా ఎందుకుంటుందే?”

“సబ్బు బుడగ మీద రంగులుంటాయి. ఎవరద్దారు? ఈక లోపల సన్నసన్నటి పొరలు పేర్చి ఉంటాయి. వెలుగు పడితే ఆ పేర్పు నీలాన్ని మన కంటికి తిప్పికొడుతుంది. పేర్పు చెదిరిందా, నీలం పోయినట్టే. మీరేమో పొత్రం పట్టుకుని ఆ పేర్పునే పొడి చేశారు.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“మన అమ్మాయి బడి పుస్తకం. అవునూ, ఇన్ని ఈకలు ఎక్కడివి?”

“ఎక్కడివో.”

“ఎక్కడివో అంటే?”

“పెట్టెలో… ఊరికే పడున్నాయి కదా అని…”

“మా అమ్మ నా పెళ్ళికిచ్చిన విసనకర్ర!”

“కొత్తది కొనిస్తానే.”

“అమ్మని కూడా కొనిస్తారా?”

“బతూల్, తిట్టు, కొట్టు, కానీ నా పరువు కాపాడు. మీ నాన్న నీలిమందు గోలెంలో ఒక్క గుడ్డ ముంచి ఇయ్యి. ఎప్పటిలాగే. నెమలి నీలమని నేను చెప్పుకుంటాను.”

“ఎప్పటిలాగే.”

“అదే… నువ్వు అద్దడం, నేను… చూపించడం. ఇరవై ఏళ్ళుగా జరుగుతున్నదే కదా!”

“గుడ్డ నిన్ననే ముంచాను. ఆరింది కూడా. పొద్దున్నే పెద్దలకి ఇచ్చొచ్చాను.”

“నా తల్లే! ఎవరద్దారని అడగలేదు కదా?”

“అడిగారు. నెమలి నీలం కాదు, నీలిమందేనని చెప్పి, మోచేతుల దాకా నీలంగా ఉన్న నా చేతులు చూపించాను. సాయంత్రం అందరూ మనింటికే వస్తున్నారు, కొత్త అమీన్‌ని చూడటానికి. నాకు తీరిక ఉండదు, పుదీనా టీ మీరే పెట్టండి.”