ఫొటో తీసే మలుపు

విడాకుల తరవాత కూతురు తల్లి దగ్గరా, ఆమె కొత్త భర్త బ్రెట్ దగ్గరా ఉంటోంది; ఆయన దగ్గరుండే ఆదివారాలు తక్కువ. అలాంటి ఒక ఆదివారం, ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కూతురు ఎన్నడూ చూడని పార్కుకి ఆమెను తీసుకొచ్చి, రోలర్ కోస్టర్ వరసలో నిలబడ్డాడు.

"ఎలా ఉంది, బంగారం?"

"బాగానే ఉంది. మా పార్కులో అయితే ఇంతసేపు నిలబడక్కర్లేదు."

"మీ పార్కా?"

"అదే, బ్రెట్ తీసుకెళ్ళేది. మాకు ఏడాది పాసులున్నాయిగా. బడి వదలగానే అమ్మా, నేనూ, బ్రెట్ వెళ్ళి రెండు రైడ్లు ఎక్కి వచ్చేస్తాం."

"ఇది దానికంటే ఎత్తు, తెలుసా?"

"ఎత్తుదేముంది నాన్నా! అక్కడ రైడ్ మధ్యలో కెమెరా మన ఫొటో ఎక్కడ తీస్తుందో బ్రెట్‌కి తెలుసు. సరిగ్గా అక్కడికి రాగానే ముగ్గురం నాలుకలు బయటపెడతాం. మా ఫ్రిజ్ నిండా అవే ఫొటోలు."

"ఇక్కడ నాకూ తెలుసు. రెండో మలుపు తిరగ్గానే, ఎడమ పక్కన. నేను 'ఇప్పుడు' అంటాను, ఇద్దరం చేతులూపుదాం."

"నీకెలా తెలుసు?"

"పోయిన వారం వచ్చి చూసుకున్నాలే."

"ఎవరితో?"

"ఒక్కణ్ణే."

"ఒక్కడివే ఎక్కావా! చేతులు కూడా ఊపి చూశావా?"

"ఊఁ."

"అయ్యో నాన్నా! బ్రెట్‌కి చెప్పాలి, పడీ పడీ నవ్వుతాడు."

రెండో మలుపులో ఆయన "ఇప్పుడు!" అని గొంతు చించుకుని అరిచాడు.

కిందికి దిగాక వాళ్ళ ఫొటో అక్కడి తెర మీద కనిపించింది. ఆయన నోరంతా తెరిచి నవ్వుతూ చేతులు ఊపుతున్నాడు. పక్కన కూతురు రెండు అరచేతులతో మొహం పూర్తిగా కప్పేసుకుంది.

"భయమేసిందా, తల్లీ?"

"భయమెందుకు? నువ్వు ముందే చెప్పబట్టి సరిపోయింది నాన్నా. లేకపోతే ఫొటోలో నీ పక్కన నా మొహం కూడా పడేది."