అత్త ఇయ్యని తాళాలు

చాయల చక్కెర వద్దంటున్నవు, నీకు గూడ షుగరొచ్చిందా బిడ్డా? గట్ల మొఖం ఏలాడెయ్యకు, కూసో. నాకు ముప్పై ఐదుకే వచ్చింది. బోధన్‌ల పుట్టి, చక్కెర ఫ్యాక్టరీ పక్కన పెరిగి తీపి తినకుంటె ఎట్ల, చెరుకు లారీ ఎన్క ఉరికి గడలు గుంజుకునుడే మా సదువు. ఆఖరికి కిడ్నీల మీద వడ్డది. వారానికి రెండుసార్లు నిజామాబాద్ బస్సెక్కుడు, మిషన్ పక్కన పండుకునుడు, అది రక్తం కడిగినంక పిండిన బట్ట లెక్క ఇంటికొచ్చుడు. డాక్టర్ ఉన్నమాట జెప్పిండు. "షుగరున్నోళ్లు మిషన్ మీద నాలుగైదేండ్లు బతికితే గొప్ప, శారమ్మా. ఎవలన్న కిడ్నీ ఇస్తే దానికి రెండింతలు బతుకొచ్చు. ఇంట్ల అడుగు." ఇంట్ల అడిగిన. మా ఆయన జీవరాజు ప్రతి ఆదివారం చర్చిల నిలవడి "శారమ్మ నా పక్కటెముక" అని సాక్ష్యం జెప్పేటోడు. ఎముక ఇచ్చినోనికి కిడ్నీ ఒక లెక్కనా అనుకున్న. మాట ఇనంగనే నడుం వట్టుకొని మంచమెక్కిండు. ఆయన తమ్ముడు మక్క కోతలని కమ్మర్‌పల్లి వోయిండు, యాసంగి అయిపోయినా రాలే.

ఇగ మా అత్త. గంగమ్మంటే వాడకంత అడలు. నేను కాపురానికొచ్చిన్నాటి సంది బియ్యం పెట్టె తాళం, బీరువ తాళం, అన్ని కుడిపక్క బొడ్ల దోపుకొని తిరిగేది. అన్నం వండాలన్నా అడుక్కోవాలె. "తాళాలియ్యి అత్తా" అంటే "నేను సచ్చినంక తీస్కో" అనేది. గా ముసలిది ఒకనాడు అంబలి తాగుకుంట, "నా కొడుకును కొయ్యనియ్య. నాది తీస్కోండ్రి" అన్నది. అంబలిల ఉప్పు తక్కువైందన్నట్టు అన్నది. పరీక్షలు జేస్తే కలిసింది సూడు. ఇరవై ఏండ్లల మా ఇద్దరికి కలిసింది గదొక్కటే.

మళ్ల హైదరాబాద్‌ల ఓ కమిటీ అంట. కోడలికి అత్త ఇస్తుందంటె సర్కారోళ్లు నమ్మరు, అమ్ముకుంటున్నరేమోనని. వాళ్లు ఒప్పుకోకుంటె నా బతుకు మళ్ల మిషనే. బయట నర్సు నేర్పిచ్చింది, "పెద్దమ్మా, ప్రేమతోని ఇస్తున్న అను, గంతే." లోపట పెద్దసారు అడిగిండు, "కోడలంటే అంత ప్రేమనా అమ్మా?" మా అత్త తిట్లు ఎన్నైనా తిడతది గని అబద్ధమాడది. "ప్రేమా? దీంతోని నాకు ఒక్కనాడు వడలే సారు. గని ఇది సస్తే నా కొడుకు ఇంకోదాన్ని తెస్తడు. కొత్తదానికి నా నోరు అలవాటు జెయ్యాలంటె మళ్ల ఇరవై ఏండ్లు. గంత ఓపిక నాకేడిది?" అయిపాయె, నా పానం దీని నోట్లనే పోయె అనుకున్న. అండ్ల ఒక డాక్టరమ్మ కొంగు అడ్డం వెట్టుకొని నవ్వింది. సంతకం ఆమెనే ముందు వెట్టింది.

ఆపరేషనైనంక మా ఆయన చర్చిల లేచి "మేం కిడ్నీ ఇచ్చినం" అన్నడు. మేమంట. ఆయన నడుంనొప్పి గూడ అదే వారం పోయింది. అత్త మాత్రం నేను జిలేబి ముక్క నోట్లేసుకుంటె సాలు, "నాది ఖరాబ్ జేస్తవే, దొంగదానా" అని వాడంత ఇనవడేటట్టు ఒర్లేది. ఉన్నన్ని రోజులు ఒర్లింది, పోయింది. తాళాలు మాత్రం ఇయ్యలే. సమాధికి తీస్కపోయే ముందు నేనే ఆమె బొడ్లకెల్లి తీసుకున్న. కుడిపక్క దోపుకుందామంటె గాడ ఒత్తుకుంటుంది. కొత్త కిడ్నీ ఎన్క వెట్టరు బిడ్డా, ముందల్నే, గీడ, కుచ్చిళ్ల పక్క కుడిదిక్కు వెడతరు. ఆమె జాగల ఆమె ఉండనే ఉన్నది. ఇగ ఎడమపక్క దోపుకున్న. డాక్టర్ జెప్పిన లెక్క ఎన్నడో దాటిపాయె...

ఏందట్ల సూస్తున్నవ్? తాగు, చాయ మీద మీగడ కడుతుంది.