మేకకు చెప్పిన రైలు ముచ్చట

చెప్పవే మేకా, జర ఆయనకు చెప్పు. ఎంత కూత వెట్టినా నువ్వు పట్టాల మీదికెల్లి జరగవని చెప్పు. తాడు నేను గట్టిగనే కట్టిన.

రైలు డబ్బాల కూసున్న పట్నం పిల్లలు నవ్వుతున్నరు. నవ్వనియ్యి. మా దిక్కు మాటలు బందైనోళ్లు గిట్లనే మాట్లాడుకుంటరు, మేకనో కుక్కనో నడుమ వెట్టుకొని. నేనైతే ఆ డ్రైవరు గుర్వయ్యతోని మాట్లాడ.

ఏంది, ఇంజనుల కూసోని నన్ను గుర్రుగ సూస్తుండా? నా తప్పేమున్నది? తెలంగాణ వచ్చినంక గీ చిన్న రైలుకు రంగులేసి మళ్ల నడిపిన్రు. మొదటి దినం ఊరు ఊరంత ఎక్కింది. నేను గూడ కొత్త చీర కట్టుకొని, మీ అమ్మమ్మను సంకలేసుకొని ఎక్కిన. గప్పుడది పాలు తాగే పిల్ల. ఈయనేమన్నడు?

"మేకతోని ఎక్కొద్దు. దిగు ఈదమ్మా."

అందరి ముందట. సొంత మేనత్త కొడుకు. గుట్ట రాళ్లు మోసేటందుకు ఎన్కట ఏసిన పట్టాలవి, మా నాయిన తట్టలతోని కంకర పోసిండు. నన్ను దింపుతడా?

గప్పటి సంది దాంట్ల కాలు వెట్టలే. దేవరకొండకు ఆటోల పోయిన, బస్సుల పోయిన, ఒకపారి నడిసి గూడ పోయిన. మోకాళ్లు వాసినయి, అది వేరే ముచ్చట. ఆయన తక్కువోడా? ఆయితారం ఆయితారం రైలు మా ఆముదాల చేను కాడికి రాంగనే ఒక పొడుగు కూత. నేను ఈపు తిప్పి నిలవడ్త. ఆయన పోతడు. గట్ల నడుస్తున్నది మాకు.

నిన్న మా వార్డు మెంబరు సాల్మన్ వచ్చిండు. ఇయ్యాల ఆఫీసరు రైలెక్కుతడంట, డబ్బాలు ఖాళీగ పోతే పట్టాలు పీకి తుక్కుకు అమ్ముతరంట. మంచిగైతది, పీకనియ్యి అన్న. అన్నంక బువ్వ సయించలే.

గీ మాట మెల్లగ చెప్పు. పోయిన శ్రావణంల ఆయనకు జెరమొచ్చి దవాఖానల వడ్డడు, రైలు రాలే. ఆ ఆయితారం నేను ఈపు ఎవలికి తిప్పాలె? చేన్ల పిచ్చిదాని లెక్క నిలవడి నిలవడి ఇంటికి పోయిన. రైలే లేకుంటే నా పగ ఏం గావాలె? మీ మేకల కన్న ఎక్కువ సాదుకున్న దాన్ని.

అగో, అటు సూడమను. పత్తి ఏరెటోళ్లు వస్తున్నరు. మారెమ్మ, సైదమ్మ, ఆళ్ల కోడండ్లు, సద్ది గిన్నెలతోని. ఇయ్యాల కూలికి పోవద్దని ఇల్లిల్లు తిరిగి చెప్పిన. డబ్బాలు నిండాలె, ఆ నల్లద్దాల ఆఫీసరు సారు కండ్లు తెరిసి సూడాలె. పుక్కట్ల ఎక్కం, అందరం టికెట్లు తీసుకుంటం.

నేను గూడ ఎక్కుత. గని నిన్ను ఇడిసిపెట్టి ఎక్క. గది చెప్పు ఆయనకు. రైలు ఉంటే ఉంటది, పోతే పోతది. మేక లేంది ఈదమ్మ ఎక్కది.

ఏంది, దిగుతుండా? కర్ర గిట్ల తెస్తుండా ఏంది?

తాడు ఇప్పుతుండు.

రెండు చేతులేసి డబ్బాలకు ఎత్తుతుండే... అయ్యో, గట్ల గాదు. మెల్లగ ఎత్తు బావా, సూడిదది, కడుపు అదమకు.

ఎందుకు నవ్వుతున్నవ్? నీతోని గాదు, మేకతోని అన్న.